లేని చుట్టరికము

ఒకే యింటిపేరు గలవారు ఎచ్చటనైన కలిసికొన్నప్పుడు, "మీరు మాకేమి కావలెను?" అని యడుగుట మనదేశమున పరిపాటి. విచారింపగా నొకప్పుడు బంధుత్వము బయటపడును, ఒకప్పుడు పడదు. పడకపోయినను పెద్దలు విడిచిపెట్టక, ఏదో యొక మేనత్తవైపు వరుస కల్పించి, బావగారనియో బాబాయిగారనియో పిలువ నారంభింతురు. మనుష్యులయెడ నిట్టి కల్పనవలన నష్టము లేదు, స్నేహము పెరుగును. కాని మాటల విషయమున గూడ మన మిట్లే చేయుచున్నాము. రెండు మాటలు చెవికొక్క తీరున వినబడినంత మాత్రమున వానికి చుట్టరికము గలదని తలతుము. తలచి యూరకుండక యొకదానిని తండ్రిగను రెండవదానిని బిడ్డగను నిర్ణయింతుము. అటుపిమ్మట ఆ నిర్ణయమునే సాక్ష్యముగా జూపి మనుష్యులమీద తీర్పులు చెప్పుదుము. అట్టి తీర్పొకటి మా యింట జరిగినది. అందు మేమును నోరు కలిపితిమి. ఆ సంగతి చదువరులకు విన్నవించుటకే యీ వ్యాసము వ్రాయుచున్నాము.

1979వ సంవత్సరమున మా తండ్రిగారు కాలధర్మము నొందిరి. తల్లి యంతకు ముందే గతించినది. తండ్రిగారి స్వార్జితము గోదావరి కాలువక్రింద మూడెకరముల మాగాణి. వారు వీలునామా వ్రాయలేదు. సంతానము మువ్వురు: పెద్దవారము మేము, తరువాత తమ్ముడు, కడపటిది చెల్లెలు. 1956వ సంవత్సరపు హిందూ వారసత్వ చట్టము ప్రకారము, వీలునామా లేని తండ్రి స్వార్జితమునందు కొడుకులకును కూతుండ్రకును సమభాగములు; అనగా తలకొక యెకరము. ఈ లెక్క మాకు తెలియనిది కాదు. అప్పటికి మేమొక యున్నత పాఠశాలలో ఇంగ్లీషు చెప్పుచుంటిమి. స్త్రీవిద్యనుగూర్చి సభలలో ఉపన్యసించుచు గూడ నుంటిమి. అయినను మా పెదతండ్రిగారు పంపకములకు గూర్చుండి, పొలమును రెండు భాగములుగానే చేసిరి. చెల్లెలిచేత హక్కు విడుదల దస్తావేజు వ్రాయింపవలెనని నిశ్చయమైనది. మేము కాదనలేదు.

ఆ సాయంకాలము చెల్లెలు వాకిట స్తంభము నానుకొని నిలువబడి యుండెను. పెదతండ్రిగారు ఆమెవంక జూచి, "ఆడపిల్ల యన్న మాటలోనే యున్నదమ్మా! నీవు ఆడ పిల్లవే గాని యీడ పిల్లవు కావు" అనిరి. అరుగుమీద నున్నవారెల్లరు నవ్విరి. మా పాండిత్యమునకు గూడ నది తగిన సమయమని తోచి, మేమిట్లంటిమి: "ఇంగ్లీషువాడును అంతే యన్నాడు, పెదనాన్నా. వాని భాషలో మగవాడు మేల్. ఆ మాటకు ముందొక ముక్క అతికించినచో ఆడుది, ఫీమేల్. ఆడుదానికి వేరుగా నొక మాట గూడ దొరకలేదు వానికి." నవ్వు రెట్టింపయ్యెను. చెల్లెలు మాత్రము నవ్వలేదు. మరునాడు రిజిస్ట్రారు కచేరీలో సంతకము చేసి, కలమునకు మూత పెట్టి, మా చేతికిచ్చి, తన యూరి బస్సెక్కినది.

ఆ చమత్కారమును మేమంతటితో విడువలేదు. ముప్పదియేండ్లు తరగతిగదులలో చెప్పితిమి. చెప్పినప్పుడెల్ల మగపిల్లలు నవ్విరి. ఆడపిల్లలు తలలు వంచుకొనిరి. తలవంపు సిగ్గని భావించితిమి గాని, సందేహమేమో యని యొక్కనాడును తలపలేదు.

సందేహము గత సంవత్సరము మా మనుమరాలి నోట వెలువడినది. కళాశాల ప్రవేశమునకు దరఖాస్తు నింపుచు, మేల్, ఫీమేల్ అను రెండు గడులయొద్ద ఆగి, "తాతయ్యా, ఫీమేల్‌లో ముందున్న ముక్కకు అర్థమేమి?" అని యడిగినది. మేము పాత చమత్కారమునే చెప్పితిమి. ఆమె విని యూరకుండక, "అతికించిన ముక్క కయినను ఒక అర్థముండవలెను గదా! అది తగిలిన మాట మరియొకటి చెప్పుము. మా రసాయనశాస్త్రములో ఎఫ్, ఇ యను రెండక్షరములు ఇనుమునకు గుర్తు. ఫీమేల్ అనగా ఇనుప మగవాడా?" అన్నది. మాకు నవ్వు వచ్చినది గాని జవాబు రాలేదు. అట్టి ముక్క తగిలిన ఇంగ్లీషు మాట వేరొకటి ఎంత వెదకినను జ్ఞప్తికి రాలేదు. ఇన్నియేండ్లు ఆ భాష చెప్పి బ్రతికినవారము. బీరువాలో నిఘంటువు గలదు. ఈ రెండు మాటల జన్మవృత్తాంతమును ఒక్కసారియైన చూచినవారము కాము. ఆ రాత్రి చూచితిమి.

చూచిన దిది. మేల్, ఫీమేల్ అను మాటలకు పుట్టుకచేత ఏ సంబంధమును లేదు. లాటిను భాషలో మగవానికి మాస్ అని పేరు. దానికి చిన్నదనమును తెలుపు ప్రత్యయము చేరి మాస్కులుస్ అయ్యెను. ఆ మాట ప్రాచీన ఫ్రెంచిలో మాస్ల్ అయి, నడిమి సకారము జారిపోయి, 14వ శతాబ్దమున ఇంగ్లీషులో ప్రవేశించి, నేటికి మేల్ అని పలుకబడుచున్నది. ఇక రెండవదాని త్రోవ వేరు. లాటినులో స్త్రీకి ఫేమినా యని పేరు. దానికిని చిన్నదనపు ప్రత్యయమే చేరి ఫేమెల్లా, అనగా చిన్నది, పడుచుపిల్ల అని యయ్యెను. అది ఫ్రెంచిలో ఫెమెల్ అయి, ఆ 14వ శతాబ్దముననే ఇంగ్లీషులోనికి ఫెమెల్ గానే వచ్చినది. 1066లో నార్మనులు ఇంగ్లండును జయించిన పిమ్మట ఫ్రెంచి మాటలు వేలకొలది ఆ దేశము చేరినవి. ఈ రెండును అట్లే చేరినవి, వేర్వేరు మూటలలో.

మరి పోలిక యెక్కడిది? ఆ దేశమున గలిగినదే. రెండు మాటలును తరచుగా జంటగా పలుకబడుటచే, ఫెమెల్ అను మాటయొక్క చివర మేల్ వలె నుండవలెనని జనులకు దోచినది. 14వ శతాబ్దము ముగియకముందే వ్రాతలో ఆ మార్పు కనబడసాగినది. ఉచ్చారణయును దాని ననుసరించినది. ఫ్రెంచివారు మాత్రము ఈ జత కూర్చలేదు. వారి భాషలో నేటికిని మగది మాల్, ఆడుది ఫెమెల్. పుట్టినింట లేని పోలిక మెట్టినింట వచ్చినదన్న మాట.

భాషలలో నిట్టివి వింత కాదు. ఇంగ్లీషులో ద్వీపమునకు ఐల్ అనియు ఐలండ్ అనియు రెండు మాటలు గలవు. మొదటిది లాటిను ఇన్సులా నుండి ఫ్రెంచి మీదుగా వచ్చినది. రెండవది ఇంగ్లీషువారి సొంత పాతమాట, దానిలో సకారమే లేదు. 16వ శతాబ్దమున మొదటిదానిని జూచి రెండవదానిలో గూడ ఒక పలుకని సకారమును చొప్పించిరి. దానివలన ఏ ద్వీపమునకును హాని కలుగలేదు. ద్వీపములకు పంపకములు లేవు గదా!

ఫేమినా యను మాటకు మూలమేమి? చప్పరించుట, పాలుద్రావుట అను నర్థముగల యొక ప్రాచీన ధాతువే దానికి మూలమని భాషాశాస్త్రజ్ఞులు చెప్పుదురు. మన సంస్కృతమున పాలు త్రాగుచున్నాడను నర్థమున ధయతి యను క్రియ గలదు; పాలిచ్చు ఆవు ధేనువు. ఫేమినా వీనికి చుట్టము. కావున ఫేమినా యనగా పాలిచ్చునది. ఇంకొక విశేషము వినుడు: లాటినులో కొడుకునకు ఫీలియుస్ అని పేరు, అదియు నీ ధాతువునుండి పుట్టినదే, పాలుద్రావువాడని యర్థము. పురుషుని పేరునుండి స్త్రీ పేరు పుట్టినదని మేము ముప్పదియేండ్లు చెప్పితిమి. నిజమునకు ఆ భాషలో కొడుకే తల్లిపాలనుబట్టి పేరు పొందియున్నాడు.

ఇది యంతయు చదివిన పిమ్మట మాకు కలిగిన మొదటి భావము సిగ్గు, రెండవది ఆశ్చర్యము. మా వంటివారు ఎందరో మాకు ముందే యుండుట చూచి యాశ్చర్యపడితిమి. 7వ శతాబ్దపు తొలిభాగమున స్పెయిను దేశపు సెవిల్ నగరమున మతాధికారిగా నుండిన ఇసిడోరు అను పండితుడు వ్యుత్పత్తులను గూర్చి గొప్ప గ్రంథము రచించెను. అందు, పురుషునికి లాటినులో విర్ అను పేరు విస్, అనగా బలము, నుండి వచ్చినదనియు, స్త్రీకి ములియెర్ అను పేరు మెత్తదనమునుండి వచ్చినదనియు చెప్పెను. ఆయన మాటలను వెదకలేదు. తన చుట్టునున్న యిండ్లను జూచి, చూచిన దానిని మాటలలో పెట్టెను. తరువాతివారు ఆ మాటలను జూపి యిండ్లను దిద్దిరి.

ఇసిడోరు చెప్పినది మెత్తని మాట. దాదాపు 1486లో జర్మనీ దేశమున హైన్రిక్ క్రామర్ అను సన్న్యాసి ప్రకటించిన గ్రంథములోనిది మెత్తనిది కాదు. మంత్రగత్తెల పాలిటి సమ్మెట యని ఆ పుస్తకపు పేరున కర్థము. ఫేమినా యను మాటలో ఫే యనగా విశ్వాసము, మినుస్ అనగా తక్కువ. కావున స్త్రీ యనగా విశ్వాసము తక్కువైనది. అందుచేతనే ఆమె క్షుద్రశక్తులకు సులభముగా లోబడునని అందు వ్రాయబడినది. ఈ వ్యుత్పత్తి శుద్ధ అబద్ధము. యూరపులో 15వ శతాబ్దము మొదలు 18వ శతాబ్దమువరకు మంత్రగత్తె తనపు నేరముమీద చంపబడినవారు 40 వేలనుండి 60 వేలవరకు నుందురని చరిత్రకారుల యంచనా; వారిలో అధికసంఖ్యాకులు స్త్రీలు. ఒక తప్పు వ్యుత్పత్తియే యింతమందిని చంపినదని మేమనము. అసూయలు, కరవులు, కచేరీలు, చిత్రహింసలు అన్నియు గలిసి చంపినవి. కాని తీర్పు చెప్పువాని మనస్సున సంశయము మొలకెత్తినప్పుడు దానిని త్రుంచుటకు అట్టి మాటలు పనికివచ్చినవి. మా యరుగుమీద మా చమత్కారము చేసిన పనియు నదియే.

పరదేశీయులను తప్పుపట్టి మనము తప్పించుకొనరాదు. వేదశబ్దములకు నిర్వచనములు చెప్పిన మహాపండితుడు యాస్కుడు, నిరుక్తమున దుహిత యను మాటకు మూడు దారులు చూపెను: హితము గూర్చుటకు కష్టమైనది, దూరమున నుండుటయే హితమైనది, లేదా, పిదుకుట యను నర్థముగల దుహ్ ధాతువునుండి పుట్టినది. ఒకటి కాక మూడు చెప్పుటయే ఆయన నిశ్చయముగా చెప్పలేదనుటకు గుర్తు. కాని వినువారికి నిశ్చయము కావలెను, మధ్యదానిని పట్టుకొనిరి. నిజమునకు దుహితయు, ఇంగ్లీషువారి డాటరును, పారశీకుల దుఖ్తరును ఒకే ప్రాచీనశబ్దమునుండి వచ్చిన అక్కచెల్లెండ్రు. అందు దూరమును లేదు, భారమును లేదు.

మన తెలుగువారి "ఆడ పిల్లే గాని యీడ పిల్ల కాదు" అను సామెతయు నీ దారిలోనిదే. ఆడ యనగా అక్కడ అను మాట ఆ, ఈ, ఏ అను వానిలో దూరమును జూపు ఆకారమునుండి పుట్టినది. ఈడ, ఏడ దాని తోడివి. స్త్రీవాచకమైన మాట వేరు. పాత పుస్తకములలో దానిని అరసున్నతో ఆఁడు అని వ్రాయుదురు. ఆలు, ఆండ్రు అను మాటలు దాని కుటుంబములోనివి. ఆండ్రు అన్నప్పుడు ఆ సున్న నిండుగనే వినబడును. అరసున్న వాడుకలో జారిపోయిన పిదప రెండు మాటలును ఒక్క రూపునకు వచ్చినవి. ఇంగ్లీషువాడు ఫెమెల్ చివర దిద్ది పోలిక తెచ్చెను. మనము సున్న జారవిడిచి తెచ్చితిమి. మనుష్యులు చేసినదానిని మాట చేసినదనుట యిరువురకును సమానమే.

ఇచ్చట నొక ప్రశ్నకు జవాబు చెప్పవలెను. "మీరు తప్పు వ్యుత్పత్తులను ఖండించితిరి, సరియైన వ్యుత్పత్తి స్త్రీని తక్కువ చేసినచో నేమందురు?" అని యెవరైన అడుగవచ్చును. అడుగదగినదే. భర్త, భార్య అను మాటలు నిజముగా చుట్టములు. రెండును భృ ధాతువునుండి పుట్టినవి. భర్త యనగా భరించువాడు, భార్య యనగా భరింపదగినది. దీనిని కాదనువారు లేరు. కాని తెల్లవారకముందు లేచి, నీళ్లు తోడి, వండి, పొలమున కలుపు తీసి, రాత్రి తాగివచ్చిన మగని తిట్లు పడుచున్న యిల్లాలిని జూచి, ఆ యింట భరించునదెవరో వ్యుత్పత్తి నడిగి తెలిసికొనవలెనా? మాట పుట్టిననాటి సంగతి మాట చెప్పును. నేడేమి జరుగుచున్నదో కన్నులు చెప్పవలెను. ఏమి జరుగవలెనో న్యాయబుద్ధి చెప్పవలెను. పోనీ, వ్యుత్పత్తినే వినదలచినవారు దంపతులను మాటను గూడ వినవలెను. దమ్ అనగా ఇల్లు. దంపతులనగా ఇంటికి ఇరువురు యజమానులు. ఈ మాటను మా పెదతండ్రిగారు గాని మేము గాని పంపకములనాడు తలచుకొనలేదు. వ్యుత్పత్తిని శరణుజొచ్చువాడు తనకు లాభించు మాటనే యెన్నుకొనును.

మాటలు మూలమునకు కట్టుబడి యుండవలసిన యావశ్యకత గూడ లేదు. 1901లో భండారు అచ్చమాంబగారు స్త్రీల చరిత్రములను గూర్చి ప్రకటించిన గ్రంథమునకు అబలాసచ్చరిత్ర రత్నమాల యని పేరు. అబల యనగా బలము లేనిది. లోపలి చరిత్రములన్నియు బలముగలవారివి. ఆమె ఆ మాటతో తగవులాడలేదు. దానికెదురుగా సాక్షులను నిలిపినది. అది చదివినవారికి అబల యను మాటయే యనుమానాస్పదమగును.

కావున మా తప్పు రెండు మడతలది. ఫీమేల్ అను మాట మేల్ నుండి పుట్టెననుట మొదటి తప్పు. అది తెలియమివలన కలిగినది. పుట్టినను, దానివలన మా చెల్లెలి యెకరము తగ్గుననుకొనుట రెండవ తప్పు. అది తెలియమివలన కలిగినది కాదు. ఆ మాట నిజముగా మగవాని మాటనుండియే పుట్టియున్నను 1956వ సంవత్సరపు చట్టములో నొక్క యక్షరమును మారియుండదు.

ఈ సంగతులన్నియు కాగితముమీద వ్రాసికొని, మనుమరాలిని వెంటబెట్టుకొని చెల్లెలి యూరికి పోయితిమి. ఆమె కిప్పుడు డెబ్బదియేండ్లు. లాటినును, ఫ్రెంచిని, ధేనువును, అరసున్నను గూర్చి ఉత్సాహముతో నొక గంట చెప్పితిమి. ఆమె చిక్కుడుకాయలు ఈనెలు తీయుచు సాంతముగా విన్నది. విని, "ఆ మాట తప్పని తేలినది, సంతోషమే అన్నయ్యా. మరి పొలము మాట యేమి?" అన్నది. ఆమె స్వరమున కోపము లేదు. నలుబదియైదేండ్ల క్రిందట అడుగవలసిన ప్రశ్నను నెమ్మదిగా అడిగినది. తీసికొనిపోయిన కాగితములో దానికి జవాబు లేదు.

జవాబు లెక్కలో నున్నది. మూడెకరములకు మువ్వురము, మాకును తమ్మునికిని తలకొక యెకరము చాలవలసియుండగా తలకొక యెకరమున్నర తీసికొంటిమి. చెల్లెలి యెకరములో సగము మాయొద్దను, సగము తమ్మునియొద్దను నున్నది. మాయొద్ద నున్న అరయెకరమును ఈ సంవత్సరము చెల్లెలి పేర దానపత్రముగా రిజిస్టరు చేయించితిమి. దానపత్రమనుట చట్టపు మాట. ఆమె సంతకము చేసి విడిచినదానిని మరలించుటకు వేరు మార్గము లేదని వకీలు చెప్పెను. మాటకు అర్థమెట్లున్నను అది దానము కాదని మా మువ్వురకును తెలియును. తమ్ముడు మాత్రము, "అన్నయ్యా, పాత సంతకములను త్రవ్వుట యెందుకు?" అనుచున్నాడు. అతనితో నింకను మాటాడుచున్నాము.

నేటి చట్టము మా నాటికంటె ముందునకు పోయినది. ఆంధ్రప్రదేశమున 1986వ సంవత్సరపు సవరణ, అప్పటికి పెండ్లికాని కూతుండ్రకు ఉమ్మడి యాస్తియందు గూడ కొడుకులతో సమముగా పుట్టుకహక్కు నిచ్చినది. 2005లో పార్లమెంటు చేసిన సవరణ దేశమందలి కూతుండ్రకెల్ల ఆ హక్కును విస్తరింపజేసినది. అయినను విడుదల దస్తావేజులు వ్రాయించుకొనుట మానలేదు. చట్టమున కెదురు నిలువలేని లోభము మాటల చాటున దాగును. "పుట్టినిల్లు చల్లగా నుండవలె నన్నచో సంతకము పెట్టుమమ్మా" యనును, "ఆడపిల్ల యనగా నేమి?" యని అర్థము చెప్పును. ఎవరి యింటనైన ఎవరైన నిట్లు మాటకు అర్థము చెప్ప నారంభించినప్పుడు, ఆ చెప్పునది నిజమా యని విచారించుట మంచిదే. కాని యంతకంటె ముందు, ఆ సమయమున అక్కడ నేమి పంచబడుచున్నదో చూడవలెనని చదువరులను కోరుచున్నాము.